పడ్డానికి కూడా ఫీజా?

మీరెప్పుడైనా నలుగురిలో కాలుజారి పడ్డారా? పడే ఉంటారు. పడ్డ మరుక్షణం మీ నోటివెంట వచ్చిన మాటేమిటో ఒకసారి గుర్తుచేసుకోండి. "అమ్మా!" అని మాత్రం కాదు. "ఏం కాలేదు, ఏం కాలేదు!" అని. దెబ్బ తగిలిందో లేదో మనకే తెలియకముందే, లేవదీయడానికి వచ్చినవాళ్లకి మనమే ధైర్యం చెప్పేస్తాం. కుచ్చిళ్లు సర్దుకుంటూ, ఒక వెర్రినవ్వు నవ్వుతూ లేచి నిలబడతాం. మోకాలిచిప్ప సంగతి ఇంటికెళ్లి, తలుపు గడియ పెట్టుకున్నాక చూసుకుంటాం.

ఈ "ఏం కాలేదు" అన్న మాట మర్యాదా, అబద్ధమా? ఈ ధర్మసందేహం నన్ను మొన్న వేసవిలో పట్టుకుంది. తెచ్చిపెట్టింది మా చెల్లెలి కూతురు.

చిన్నప్పుడు ఏడేళ్లు కూచిపూడి నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు బెంగుళూరులో కాంటెంపరరీ డాన్సు నేర్చుకుంటోంది. సెలవులకి మా ఇంటికొచ్చి పదిరోజులుంది. వచ్చిన మర్నాడే హాల్లో టీపాయి పక్కకి జరిపి, చాప చుట్టి మూల నిలబెట్టి, సాధన మొదలుపెట్టింది. కాసేపటికి ధబ్బుమని చప్పుడు. వంటింట్లోంచి మా అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. చూస్తే పిల్ల నేలమీద వెల్లకిలా పడి ఉంది.

"అయ్యో, ఏమైందే తల్లీ!"

"ఏం కాలేదు అమ్మమ్మా. పడడం ప్రాక్టీసు చేస్తున్నాను." లేచింది. మళ్లీ పడింది.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పడ్డానికి కూడా ఫీజా? మేమంతా జన్మంతా ఉత్తపుణ్యానికే పడ్డాం కదే!" అంది.

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. కానీ ఆ మాట నాకు చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది.

పడడానికి అంత చదువేముందో తెలుసుకుందామని మర్నాడు కాఫీ గ్లాసు పట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. ఉందండీ, చాలా ఉంది. మనం పడేటప్పుడు చేసే మొదటి తప్పు భయంతో ఊపిరి బిగబట్టడం. రెండోది చేతులు చాపడం. బిగుసుకున్న ఒళ్లు కర్రలా పడుతుంది, దెబ్బ ఎముకకి తగులుతుంది. వాళ్లకి నేర్పేది దీనికి తలకిందులు. ముందు ఊపిరి వదలాలి. చీలమండ, మోకాలు, తుంటి, ఒకదాని తర్వాత ఒకటి మడత పడాలి. మోకాలిచిప్ప మీదా, మోచేతి మీదా కాకుండా, కండ ఉన్నచోట, తొడ పక్కగా నేలని తాకాలి. ఆ తాకిన ఊపుని వృథా పోనీకుండా, దానితోనే మళ్లీ పైకి లేవాలి.

"బేసిక్స్ అంటే ఇవే పెద్దమ్మా. ఊపిరి, వెన్నెముక, బరువు, నేల. మిగతావన్నీ తర్వాతే" అంది.

ముద్రలు లేవు, అభినయం లేదు, పాట కూడా ఉండి తీరాలని లేదు. ఇదెక్కడి నాట్యమమ్మా అనుకుని, నా అలవాటు ప్రకారం పుస్తకాలు తిరగేశాను. తిరగేసిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఈ నాట్యం పుట్టిందే ఒక "ఏం కాలేదు" మీద తిరుగుబాటుగా.

యూరప్‌లో బాలే అని ఒక నాట్యముంది కదా, దాని ఆశయమంతా బరువు లేనట్టు కనిపించడం. 1832లో పారిస్‌లో మేరీ టాగ్లియోనీ అనే ఆవిడ 'లా సిల్ఫీడ్' అన్న బాలేలో తెల్లటి పల్చటి దుస్తులతో, కాలి బొటనవేళ్ల కొసలమీద నిలబడి, గాలిలో తేలే దేవకన్యలా నర్తించింది. లోకం మురిసిపోయింది. అప్పటినుంచి నాట్యకత్తె అంటే మనిషి కాదు, మబ్బుతునక. చెప్పుల్లో వేళ్లు నలిగి నెత్తురోడినా ముఖంమీద మాత్రం వెన్నెల. ఎంత కష్టపడుతోందో తెలియకపోవడమే ఆవిడ గొప్ప.

చదువుతుంటే మీకూ ఎవరో గుర్తొస్తున్నారు కదూ? యాభైమందికి వండి వడ్డించి, చెమట చుక్క కనపడకుండా తాంబూలాలు అందించే ఇల్లాలు. "ఆవిడ చేస్తే చేసినట్టే ఉండదండీ" అనిపించుకోవడమే ఆవిడకి దక్కే బిరుదు.

ఆ మబ్బుతునక వేషం నాకొద్దని మొదట చెప్పులు విప్పి విసిరేసినవాళ్లలో ఒకరు ఇసడోరా డంకన్. 1877లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. నడుం నొక్కే కార్సెట్టు మానేసి, పాత గ్రీకు శిల్పాల్లో స్త్రీలు కట్టుకున్నలాంటి వదులు వస్త్రం చుట్టుకుని, ఉత్తకాళ్లతో స్టేజీ ఎక్కింది. కదలిక కాళ్ల నుంచి కాదు, రొమ్ముకింద, ఊపిరి పుట్టేచోటునుంచి మొదలవ్వాలంది. 1913లో ఆమె పిల్లలిద్దరూ కారుతో సహా పారిస్‌లో సీన్ నదిలో పడి చనిపోయారు. తర్వాతి ఏళ్లలో ఆమె 'మదర్' అని ఒక నాట్యం కూర్చింది. అందులో చేతులు బిడ్డని పొదువుకున్నట్టు ఉంటాయి. బిడ్డ ఉండదు.

తర్వాత వచ్చింది మార్తా గ్రాహం. రూత్ సెయింట్ డెనిస్, టెడ్ షాన్ దంపతులు 1915లో లాస్‌ఏంజెలెస్‌లో పెట్టిన డెనిషాన్ అనే బడిలో నేర్చుకుంది. ఆ రూత్ సెయింట్ డెనిస్‌కి మన దేశమంటే మోజు. 1906లోనే 'రాధ' అన్న నాట్యం చేసింది, అప్పటికి భారతదేశం మొహం చూడకుండానే. ఊహలో కట్టుకున్న మన దేశమన్నమాట. గ్రాహం ఆ అలంకారాలన్నీ వదిలేసి బయటికొచ్చి, 1926లో సొంత బృందం పెట్టుకుంది. ఆమె పద్ధతంతా మనం రోజూ చేసే ఒక్క పనిమీద నిలిచింది. ఊపిరి వదిలినప్పుడు పొట్ట లోపలికి ముడుచుకుంటుంది, పీల్చినప్పుడు విచ్చుకుంటుంది. వెక్కివెక్కి ఏడ్చేటప్పుడూ ఇంతే, పగలబడి నవ్వేటప్పుడూ ఇంతే, పురుటినొప్పుల్లోనూ ఇంతే. ఆ ముడుచుకోవడం, విచ్చుకోవడం నాట్యానికి అక్షరాలయ్యాయి.

గ్రాహం తండ్రి మానసిక వ్యాధుల వైద్యుడు. చిన్నప్పుడు ఆమె అబద్ధమాడితే, నిలబడ్డ తీరు చూసి పట్టేసేవాడట. నోరు అబద్ధమాడినా ఒళ్లు అబద్ధమాడదన్నది ఆయన దగ్గర నేర్చుకున్న పాఠమని ఆమె జీవితాంతం చెప్పుకుంది.

1930లో ఆమె 'లామెంటేషన్' అనే నాట్యం చేసింది. పట్టుమని నాలుగు నిమిషాలుంటుంది. ఒక బల్లమీద కూర్చుని, సాగే గుడ్డతో కుట్టిన గొట్టంలాంటి దుస్తుల్లో ముఖం, చేతులు, పాదాలు మాత్రమే బయటికి కనిపిస్తూ, అటూ ఇటూ ఒరుగుతూ, ఆ గుడ్డని లోపలినుంచి తోస్తూ ఉంటుంది. లేచి నాలుగడుగులు వేసి తిరగడం కూడా లేదు. ఎవరు పోయారో, ఎందుకు ఏడుస్తోందో చెప్పదు. దుఃఖం మనిషిని ఎలా చుట్టుకుంటుందో, అందులోంచి బయటికి రావాలని మనిషి ఎలా పెనుగులాడుతుందో, అంతే. ఒకసారి ఈ నాట్యం చూశాక ఒకావిడ లోపలికి వచ్చి చాలాసేపు ఏడ్చిందని గ్రాహం రాసుకుంది. ఆవిడ కళ్ల ఎదుటే బిడ్డ ప్రమాదంలో పోయాడట. ఆనాటినుంచి ఒక్క కన్నీటిచుక్క రాలేదట.

అది చదివి పుస్తకం మూసేశాను. బిడ్డ పోతే ఏడవలేకపోయిన తల్లికి, ముక్కూమొహం తెలియని ఒక మనిషి నాలుగు నిమిషాలు ఒంటితో ఏడ్చి చూపిస్తే ఏడుపు వచ్చింది. అలాంటప్పుడు దుఃఖం దాచుకోవడం ఎదుటివాళ్ల మేలుకోసమే అని మనం చెప్పుకుంటున్న మాటలో నిజమెంత?

డెనిషాన్ బడినుంచే బయటికి వచ్చిన ఇంకొకావిడ డోరిస్ హంఫ్రీ. పడడానికి శాస్త్రం రాసింది ఈవిడే. ఆవిడ సిద్ధాంతం వినడానికి చాలా తేలిక. కదలకుండా నిటారుగా నిలబడితే అది ఒకరకం చావు. నేలమీద కదలకుండా పడి ఉంటే అది రెండోరకం చావు. నాట్యమంతా ఈ రెండింటి మధ్యనే ఉంది. బ్యాలెన్సు తప్పడం, మళ్లీ తెచ్చుకోవడం. మనం వేసే ప్రతి అడుగూ ఇంతే కదా! ఒక కాలు ఎత్తగానే ముందుకు పడబోతాం, రెండో కాలు వచ్చి ఆపుతుంది. దానికే నడక అని పేరు. తుంటికీళ్ల జబ్బు వచ్చి 1940ల మధ్యలో హంఫ్రీ తాను నర్తించడం మానుకోవలసి వచ్చింది. కానీ 1958లో చనిపోయేదాకా ఇతరులకి నాట్యాలు కూరుస్తూనే ఉంది. పడడం, లేవడం అన్నది ఆవిడకి స్టేజీమీద మాట మాత్రమే కాదన్నమాట.

ఇక్కడ నాకు మన తెలుగే గుర్తొచ్చి ముచ్చటేసింది. మనకి పడడమంటే కిందపడడం ఒక్కటే కాదు. కష్టపడతాం, బాధపడతాం, సిగ్గుపడతాం, మాట పడతాం. పెళ్లయిన కొత్తలో "కాస్త పడి ఉండు తల్లీ" అని పెద్దవాళ్ల చేత అనిపించుకోని ఆడపిల్ల ఉంటే చెప్పండి. పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారని సామెత కూడా ఉంది. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, "నిలబడడం"లో కూడా పడడం ఉంది. హంఫ్రీ పుస్తకం రాసి చెప్పిన సంగతి మన భాష ఒక్క మాటలో దాచిపెట్టుకుంది.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. రెండేళ్లక్రితం మా గృహప్రవేశం నాడు తెల్లవారుజామున అమ్మ బాత్‌రూములో జారిపడింది. ఎవరికీ చెప్పలేదు. రోజంతా ఎడంచేత్తో పనులు చక్కబెడుతూ, కుడిచెయ్యి కొంగుచాటున పెట్టుకుని తిరిగింది. సాయంత్రానికి మణికట్టు పూరీలా పొంగింది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక చిట్లింది. "అందరూ సంతోషంగా ఉన్నారు కదా, మధ్యలో నా చెయ్యి గొడవెందుకని" అంది. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు తట్టింది, ఆవిణ్ణి అనడానికి నాకేం అర్హత ఉందని. నా నవలల్లో నాయికలందరూ మా అమ్మలే. ఒక నవలలో నా నాయిక నూటమూడు జ్వరంతో పదిమందికి వంట చేస్తుంది. ఎవరికీ తెలియనివ్వదు. ఆఖరి పేజీలో భర్త తెలుసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అది చదివి ఒకావిడ ఉత్తరం రాసింది. "మీ నాయికని చూశాక, అలిసిపోయానని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసిందండీ" అని. నేనా ఉత్తరాన్ని నలుగురికీ చూపించి మురిసిపోయాను. ఇప్పుడు తల్చుకుంటే, ఆ సిగ్గు ఆవిడకి తెచ్చిపెట్టింది నేనే. ఆవిడ ఎన్ని జ్వరాలు కొంగుచాటున దాచుకుందో!

అయితే బరువు దాచడం పాశ్చాత్యుల జబ్బేననీ, మన నాట్యాల్లో లేదనీ మీరనవచ్చు. సగం నిజమే. మనకి నేలంటే భయం లేదు. అరమండిలో కూర్చుని, పాదం మొత్తంతో నేలని తాకుతాం. తొక్కబోతున్నందుకు మొదలుపెట్టేముందే భూమికి నమస్కారం పెడతాం. కానీ పాదం ఎంత నిజం చెప్పినా, పైన పెదవులమీద చిరునవ్వు చెరగకూడదు కదా! ఆ చిరునవ్వు దగ్గర ఆగిపోయినవాళ్లు మనలోనూ ఉన్నారు.

చంద్రలేఖ పేరు మీరు వినే ఉంటారు. 1928లో పుట్టి, మద్రాసులో స్థిరపడి, 2006లో కన్నుమూసిన నర్తకి. కాంచీపురం ఎల్లప్ప పిళ్లై దగ్గర భరతనాట్యం నేర్చుకుంది. 1952లో ఆమె అరంగేట్రం రాయలసీమ కరువు సహాయనిధి కోసం జరిగింది. 'మధురా నగరిలో' పాటకి యమునా నది, ఆ నీళ్లూ, జలక్రీడలూ అభినయిస్తున్న మధ్యలో ఆమెకి ఒక్కసారిగా పత్రికల్లో చూసిన కరువు ఫొటోలు కళ్ల ముందుకొచ్చాయి. బీటలు వారిన నేల, నీళ్లకోసం బారులు తీరిన జనం. చేతులు నీళ్లు చూపిస్తున్నాయి, మనసు ఎండిన నేలని చూస్తోంది. ఆ క్షణంలో ఒళ్లు కొయ్యబారిపోయినట్టయిందని తర్వాత ఆమే చెప్పుకుంది. ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. కొన్నాళ్లకి నాట్యానికి దూరమైంది. చాలా ఏళ్ల తర్వాత 1985లో 'అంగిక' అనే ప్రదర్శనతో వచ్చింది. భరతనాట్యంతోపాటు యోగాసనాలు, కేరళ కలరిపయట్టు కలిపి, దేవుళ్ల కథలు, నగల ధగధగలు లేకుండా, వెన్నెముకనీ శ్వాసనీ ముందుపెట్టింది. అమెరికాలో ఆడవాళ్లు వేరే దారిన వెళ్లి చేరిన చోటుకే ఈవిడ మన దారిన చేరింది. మన దారికి మలుపు మన రాయలసీమ కరువు దగ్గర వచ్చిందంటే, నాకెందుకో గర్వంగానూ ఉంది, గుండె బరువుగానూ ఉంది.

ఇవన్నీ భోజనాల దగ్గర ఏకరువు పెడితే అమ్మ శ్రద్ధగా విని, చివరికి ఒక్క ప్రశ్న వేసింది. "బాగానే ఉందమ్మా. అందరూ పడిపోతే నిలబడేదెవరు?"

చూశారా, దెబ్బ! అమ్మ అన్నదాంట్లో న్యాయముంది. మా నాన్నగారు పోయిన రోజు అమ్మ కూలబడిపోయి ఉంటే, చిన్నపిల్లలం మేమిద్దరం ఏమైపోయేవాళ్లం? ఆరోజు ఆవిడ అన్న "ఏం కాలేదు" అబద్ధం కాదు, మా తలమీద పట్టిన గొడుగు. దాచుకోవడమంతా కపటమనడం ఎంత తప్పో, బయటపెట్టుకోవడమంతా నిజాయితీ అనడమూ అంతే తప్పు. దుఃఖాన్ని ప్రదర్శనకి పెట్టేవాళ్లని మనం ఎరగమా? అదీ ఒక చిరునవ్వులాంటి ముసుగే.

దీనికి జవాబు కూడా నాకు పిల్ల దగ్గరే దొరికింది. 1962లో న్యూయార్కులో జడ్సన్ చర్చి అనే చోట కొందరు కుర్రకారు చేరి, మామూలు మనుషుల మామూలు కదలికలు నాట్యం ఎందుకు కాకూడదన్నారు. 1967లో స్టీవ్ పాక్స్‌టన్ అనే ఆయన కూర్చిన ఒక నాట్యంలో మనుషులు ఊరికే నడుస్తారు, నిలబడతారు, కూర్చుంటారు. అంతే! మన చంద్రమ్మ, సుబ్బారావులు కూడా చేయవచ్చన్నమాట. ఆయనే 1972లో కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అనే పద్ధతి మొదలుపెట్టాడు. ఇద్దరు మనుషులు ఒకరి బరువు ఒకరికి ఇచ్చుకుంటూ, పుచ్చుకుంటూ కదలడం. ఇప్పుడు కాంటెంపరరీ అంటున్న నాట్యంలో పాత పద్ధతులతోపాటు ఇదీ కలిసిపోయింది.

"బరువు ఇవ్వడం వేరు, మీద పడేయడం వేరు పెద్దమ్మా" అని వివరించింది పిల్ల. పడేస్తే ఇద్దరూ కూలతారు. ఇచ్చేవాళ్లు తమ కాళ్లమీద కొంత ఉంచుకునే, కొద్దికొద్దిగా ఒరగాలి. పుచ్చుకునేవాళ్లు మోకాళ్లు వంచి, నేలని తలుచుకోవాలి. తర్వాత వంతు మారాలి. ఎప్పుడూ ఒకళ్లే మోస్తే అది నాట్యం కాదు, కూలిపని.

అందరూ పడితే నిలబడేదెవరన్న అమ్మ ప్రశ్నకి ఇదే సమాధానమనిపించింది. వంతు. మా అమ్మకి రాకుండా పోయింది అదే. గొడుగు పట్టిన చెయ్యి దించడానికి వేళయిందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పిల్లలం పెద్దవాళ్లమై, ఉద్యోగాలొచ్చి, నవలలు రాసి కూడా, "అమ్మా, ఇలా ఇవ్వు" అని మేము అనలేదు. ఆవిడ దాచుకుంటోందని కోప్పడ్డాం గానీ, చెబితే వినడానికి మోకాళ్లు వంచి నిలబడ్డామా? ఎవరూ ఎవరికీ బరువు ఇవ్వని ఇల్లు దిట్టమైన ఇల్లనుకుంటాం. అది ఒకళ్లమీద ఒకళ్లకి నమ్మకం లేని ఇల్లేమో!

ఊరెళ్లేముందు రోజు పిల్ల అమ్మమ్మని హాల్లోకి లాక్కొచ్చింది. వీపుకి వీపు ఆనించి నిలబడమంది. "ఇప్పుడు నామీద ఒరుగు అమ్మమ్మా."

"పోవే! నా బరువు నువ్వేం మోస్తావు?"

"ముందు ఊపిరి వదులు."

అమ్మ మొహమాటంగా నవ్వుతూ కాస్త ఒరిగింది. ఒరిగీ ఒరగనట్టు. తర్వాత ఇంకాస్త. పిల్ల మోకాళ్లు వంచి సర్దుకుంది. అమ్మ భుజాలు కిందికి దిగడం నేను చూశాను. నలభై ఏళ్లుగా చూస్తున్నాను కదా, ఆ భుజాలు అంత కిందికి దిగుతాయని నాకు తెలియదు. కళ్లు మూసుకుంది. అయిదారు క్షణాలు, అంతే. "చాల్చాల్లే, పాలు పొంగిపోతాయి" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యిమీద పాలు లేవని నాకు తెలుసు. నేనేమీ అనలేదు.

పిల్ల వెళ్లిపోయిన వారానికి ఒక సాయంత్రం అమ్మ పప్పుగిన్నె దించి, స్టూలు లాక్కుని కూర్చుంది. "మోకాలు లాగుతోందే. నువ్వు పోపు పెట్టు" అంది.

ఇంతేనా అనుకుంటారేమో. డెబ్భై నాలుగేళ్లలో ఆవిడ నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. పోపు కాస్త మాడిపోయింది లెండి. ఎవరూ ఏమీ అనలేదు.

ఈసారి మీరు ఎక్కడైనా కాలుజారితే, "ఏం కాలేదు" అనేముందు ఒక్క ఊపిరి వదిలి చూడండి. నిజంగా ఏమీ కాకపోతే సరే, లేవండి. అయితే మాత్రం, చెయ్యి అందించడానికి వచ్చినవాళ్ల మీద కాస్త ఒరగండి. వాళ్లకీ మోకాళ్లు వంచడం నేర్చుకునే అవకాశం ఇచ్చినవాళ్లవుతారు.